తోడు లేనిదే తుపాకీ ఇవ్వరు

చదువుకునే పిల్లలూ, నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు గుర్తుపట్టడం వచ్చు. నేను చెబుతుంటే పక్కన ఒకరు కూర్చుని రాస్తున్నారు. మాటలు కొంచెం దిద్దుతానంటే దిద్దుకోమన్నాను. తప్పులు మాత్రం దిద్దవద్దన్నాను. నేను చెప్పబోయేదే ఒక తప్పు గురించి కాబట్టి.

ఉద్యోగం అనగానే మీకు కుర్చీ, కంప్యూటరు కళ్లముందుకొస్తాయి. నాది చీపురు ఉద్యోగం. కాకపోతే ఊడ్చిన చోటు మామూలుది కాదు. కెనడాలో కాల్గరీ ఊరి చివర, గోదాముల మధ్య, డబ్బు కట్టి తుపాకీ కాల్చుకునే చోటు ఒకటి ఉంది, రేంజ్ అంటారు. అక్కడ ఆరేళ్లు చేశాను. మా అమ్మాయికి ఆ మాట బయట చెప్పడం నామోషీ. ఎవరైనా అడిగితే "అమ్మ స్పోర్ట్స్ క్లబ్‌లో చేస్తుంది" అనేది. ఏం ఆట అని ఎవరూ అడగలేదు, బతికిపోయింది.

అల్లుడి ఉద్యోగం అమెరికా నుంచి ఇక్కడికి మారాక నాకూ కాగితాలు వచ్చాయి. పొద్దున్నే పెద్దవాళ్లు పనికి, పిల్లలు బడికి పోతే ఇంట్లో మిగిలేది హీటరు చప్పుడు, నేను. ఇవి వరంగల్ పక్కన పత్తి ఏరిన చేతులు. మా ఆయన పోయాక పదహారేళ్లు బడిలో ఆయాగా పనిచేశాను. ఊరికే కూర్చుంటే వేళ్లు లాగేవి. అందుకని దొరికిన పని పట్టుకున్నాను.

పని పెద్దదేం కాదు. కాల్చినప్పుడు తూటా ముందుకు పోతుంది, దాని ఇత్తడి తొడుగు ఎగిరి పక్కన పడుతుంది. మధ్యాహ్నానికి నేలంతా వడ్లు ఆరబోసినట్టు పచ్చగా ఉంటుంది. వాటిని దగ్గరికి తోసి బకెట్లకెత్తాలి. అక్కడి దుమ్ములో సీసం ఉంటుందట, పొడి చీపురు వేయకూడదు. ఆ సంగతి ఎవరూ చెప్పకముందే నేను మొదటిరోజు అలవాటుగా వాకిలి చల్లినట్టు నీళ్లు చల్లి ఊడ్చాను. అక్కడ తుపాకులు కాల్పించే పెద్దాయన చూసి, ఇది నీకెవరు నేర్పారన్నాడు. మా అమ్మ అన్నాను. మీ అమ్మ ఏ రేంజ్‌లో పనిచేసేదని అడిగాడు. అప్పటి నుంచి ఆయనకూ నాకూ కుదిరింది.

ఆ సీసం వల్లే ఇంకో నియమం ఉండేది. వేరే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోనిదే తిండి ముట్టకూడదు, అప్పుడు కూడా చెంచాతోనే తినాలి. ఆరేళ్లు పప్పన్నం చెంచాతో తిన్నాను. ఆ ఉద్యోగంలో నాకు కష్టమనిపించింది అదొక్కటే.

పెద్దాయన తెల్లగడ్డం మనిషి, మోకాళ్ల నొప్పులు, మాట తక్కువ. మొదటిరోజే నన్ను కాల్చేవాళ్ల వెనక నేలమీద గీసిన ఎర్రగీత దగ్గర నిలబెట్టి రెండు మాటలు పలికించాడు. సీజ్ ఫైర్. అంటే కాల్పులు ఆపండి అని. ఏదైనా తేడాగా కనబడితే ఆ మాట ఎవరైనా అరవవచ్చట. యజమాని అక్కర్లేదు, ఆయన అక్కర్లేదు, ఊడ్చే మనిషి అరిచినా సరే, లోపలున్న ప్రతివాడూ తుపాకీ కింద పెట్టి వెనక్కి రావాలి. ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. నాది బండగొంతు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని అదిలించి అదిలించి అలా అయింది. పదిసార్లు అరిపించాడు. పదోసారి కౌంటర్లో కూర్చున్న యజమానురాలు లోపలికి తొంగి చూసింది. అంత పెద్ద అధికారం నాకు ఏ ఊళ్లోనూ ఎవరూ ఇవ్వలేదు. బస్సులో పోతూ నోట్లోనే అనుకుంటూ ఉండేదాన్ని. నాలుగేళ్ల పాటు ఒక్కసారి కూడా వాడే అవసరం రాలేదు.

ఆ నాలుగేళ్లలో రెండు గడిచాక మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి దిగడం మొదలుపెట్టారు. అంతకుముందు బస్సులో తెలుగు మాట వినబడితే తల తిప్పి చూసేదాన్ని. ఆ రెండేళ్లలో తల తిప్పడం మానేశాను. శనివారం వస్తే ఒక్కో కారులో ఐదారుగురు మా రేంజ్‌కి వచ్చేవాళ్లు. ఇక్కడి లైసెన్సు లేకపోయినా పాస్‌పోర్టు చూపిస్తే కాల్చవచ్చు. పెద్దాయన భుజానికి భుజం ఆనించి నిలబడి, తూటా తనే పెట్టి కాల్పిస్తాడు. మన పిల్లలకు కాల్చడం ఎలా ఉన్నా ఫొటో ముఖ్యం. తుపాకీ చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి నవ్వబోయేవాళ్లు. యజమానురాలు బెంబేలెత్తి నన్ను పిలిచేది. నేను వెనక నిల్చుని తెలుగులో చెప్పేదాన్ని.

"అయ్యా, మొఖం అటు పెట్టు. ఫొటోల వీపు పడినా మీ అమ్మ గుర్తుపడ్తది."

నవ్వి అటు తిరిగేవాళ్లు. ఆంటీ అని పిలిచేవాళ్లు. పోయేటప్పుడు థాంక్యూ ఆంటీ అనేవాళ్లు. ఊడ్చే మనిషిని కాస్తా నేను ఆ చోటికి తెలుగువాళ్ల పెద్దనైపోయాను. మీ వాళ్లొచ్చారు చూడు అని యజమానురాలు పిలిస్తే చీపురు గోడకానించి, కొంగు సర్దుకున్నట్టు జాకెట్టు సర్దుకుని వెళ్లేదాన్ని. తప్పు అక్కడ మొదలైంది. ఇప్పుడు చెప్పబోయే పిల్ల దగ్గర కాదు.

అక్కడ ఇంకో నియమం ఉంది. మొదటిసారి వచ్చేవాళ్లు ఒంటరిగా రాకూడదు. తోడు ఒకరుండాలి. ఆ తోడు మనిషి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నీకేమవుతారు, ఎన్నాళ్లుగా తెలుసు, చివరిదాకా వెంట ఉంటావా, అని అందులో అడుగుతారు. ఇద్దరొస్తే ఇద్దరి డబ్బులని పెట్టారనుకునేదాన్ని నేను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను, ఎవర్నీ అడగలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, మంచు మోకాళ్ల దాకా పడిన రోజు. లోపల ఆయిల్ కంపెనీ వాళ్లు ఇద్దరు తప్ప ఎవరూ లేరు. ఒక పిల్ల ఒంటరిగా వచ్చింది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. బూట్లకు మంచు ముద్దలు. నేను అప్పుడే తుడిచిన నేల అది. "తుడుచుకుని రా బిడ్డా" అని నాకు నేనే గొణుక్కున్నాను. ఆ పిల్లకు వినబడింది, అయినా ఆగకుండా కౌంటరు దగ్గరికి పోయి పాస్‌పోర్టు పెట్టింది. తోడు లేనిదే కుదరదంది యజమానురాలు. ఆ పిల్ల వాదించలేదు. పాస్‌పోర్టు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మాది ఒంగోలు. ఫ్రెండ్ వస్తానని హ్యాండిచ్చింది. రెండు బస్సులు మారి వచ్చా. మీరు నాతో ఉన్నట్టు సైన్ చేయరా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇక్కడ వేరే భాషవాళ్లు ఎవరైనా అడిగితే పెట్టేదాన్నా? పెట్టను. తెలుగులో అడిగింది, ఆంటీ అంది, మంచులో రెండు బస్సులు మారానంది. కౌంటరు దగ్గరికి పోయి మా చెల్లెలి కూతురని చెప్పాను. ఇంతకాలం చెప్పలేదేమని యజమానురాలు ఆశ్చర్యపోయింది. ఎన్నాళ్లుగా తెలుసని అడిగితే పదేళ్లన్నాను. తెలిసి పది నిమిషాలు కాలేదు. ఆ పిల్ల గబగబా కాగితం నింపింది, నేను సంతకం పెట్టాను. మూడు అక్షరాలు, తిన్నగా, గీత దాటకుండా. నా సంతకం బాగుంటుందని నాకు గర్వం.

పెద్దాయన ఆమెకు చెవులకు పెట్టుకునేవీ, కళ్లద్దాలూ ఇచ్చి, నియమాలన్నీ చెప్పాడు. ఆమె అన్నిటికీ తలూపింది. లోపలికి పోబోతుంటే ఫోన్ ఇవ్వు బిడ్డా, ఫొటో తీస్తానన్నాను. వద్దంది. అన్నేళ్లలో ఫొటో వద్దన్న పిల్ల ఆమె ఒక్కతే. అప్పుడైనా నాకు అనిపించి ఉండాలి. తర్వాత మెళ్లో గొలుసు, వేలి ఉంగరం తీసి రుమాల్లో చుట్టి, ఫోన్‌తో సహా నా చేతిలో పెట్టింది.

"లాక్ తీసేశా ఆంటీ. మా రూమ్మేట్ ఫోన్ చేస్తే మీరే ఎత్తండి. ఇవి ఆమెకివ్వండి."

సరే అన్నాను. సరే అని జేబులో వేసుకుని, నేల తుడిచే మాప్ తీసుకుని, బకెట్లో ముంచాను.

నా చేతికి ఎప్పుడూ ఒక మగ గడియారం ఉంటుంది. మా ఆయనది. మాప్ పిండుతుంటే నీళ్లు దాని అద్దం మీద పడ్డాయి, తుడవబోయాను. అక్కడ ఆగిపోయాను.

మా ఆయన పత్తి రైతు. వరసగా రెండేళ్లు పంట పోయింది. ఆఖరి రోజు పొద్దున ఆయన ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఉన్నాడు. రెండేళ్లుగా కిర్రుమంటున్న తలుపు బందు బిగించాడు. గడియారం తీసి, ఇది ఇంట్లో పెట్టు అని నా చేతికిచ్చి చేనుకు పోయాడు. పెళ్లినాడు పెట్టిన గడియారం, స్నానానికి తప్ప తీసేవాడు కాదు. నేను సరే అని పెట్టెలో పెట్టాను. పొయ్యి మీద అన్నం పొంగుతోంది, నా ధ్యాస అక్కడుంది. ఎందుకు అని ఒక్కమాట అడగలేదు. ఆయన తిరిగి రాలేదు. మూడక్షరాల మాట నోట్లోంచి రాలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మళ్లీ అదే సరే, అదే చేయి చాపడం.

తలుపుకున్న అద్దంలోంచి రేంజ్ లోపలికి చూశాను. ముందు కాగితం మీద గురి గుండ్రంగా వేలాడుతోంది. మొదటిసారి వచ్చినవాళ్లంతా దాన్నే చూస్తారు. ఈ పిల్ల తూటా పెడుతున్న పెద్దాయన చేతుల్ని చూస్తోంది.

నేను తలుపు తోసుకుని ఎర్రగీత దగ్గర నిలబడి అరిచాను.

"సీజ్ ఫైర్!"

పిట్టల మీద అరిచిన గొంతే అది. ఆయిల్ కంపెనీ వాళ్లు ఇద్దరూ తుపాకులు కింద పెట్టి, ఖాళీ చేతులు చూపిస్తూ, గంట కొట్టగానే లేచిన బడిపిల్లల్లా వెనక్కి వచ్చేశారు. పెద్దాయన తుపాకీ ఇంకా ఆ పిల్ల చేతికివ్వలేదు. అందులోంచి తూటా తీసేసి, పక్కన పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగాడు. ఎవరు అరిచారన్నాడు. చేయెత్తాను. ఏమైందన్నాడు.

చెప్పడానికి నా దగ్గర ఇంగ్లీషు లేదు. గడియారం సంగతి, రుమాలు సంగతి ఏ మాటల్లో చెప్పను? ఉన్న నాలుగు మాటల్లో చెప్పగలిగింది ఒక్కటే, అది చెబితే నా ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. ఈ పిల్ల నాకు తెలియదు, అన్నాను. జేబులోంచి రుమాలు తీసి చూపించి, ఇది నాకిచ్చింది, అన్నాను.

ఆయన రుమాలు చూశాడు, ఆ పిల్లను చూశాడు.  ఇవాళ్టికి ఇక్కడ కాల్పులు లేవని ఆయిల్ కంపెనీ వాళ్లిద్దరికీ చెప్పి పంపేశాడు.

ఆ పిల్ల నా మీద మండిపడింది. భోజనాల గదిలో కూర్చోబెడితే నిలబడింది.

"సైన్ చేసింది మీరే, అరిచింది మీరే. నన్ను ఆపడానికి మీరెవరండీ?"

ఆంటీ పోయి అండీ వచ్చింది. నిజమే, నేనెవర్ని? సబ్బుతో చేతులు కడుక్కుని నా డబ్బా తెరిచాను. అన్నం, దోసకాయ పప్పు. చెంచా ఆమెకిచ్చాను. తినలేదు. నేను గడియారం కథ చెప్పాను. ఏడుస్తూ చెప్పలేదు, ఊళ్లో కబురు చెప్పినట్టు చెప్పాను. తలుపు బందు దగ్గర్నుంచి పొంగిన అన్నం దాకా. ఆమె నిలబడే విన్నది. ఆఖర్న కూర్చుంది.

"నేను అందుకు రాలేదు ఆంటీ."

"మంచిది బిడ్డా. మరి గొలుసెందుకు తీసినవ్?"

నేనిచ్చిన చెంచాను బల్ల మీద అటూ ఇటూ తిప్పింది. తర్వాత, తెలీదాంటీ, ఎందుకొచ్చానో నాకే తెలీదు, అంది. అప్పుడు చెప్పింది. ఊళ్లో కన్సల్టెన్సీ వాడు చేర్పించిన కోర్సు చదివితే ఇక్కడ వర్క్ పర్మిట్ రాదని చేరాక ఏడాదికి తెలిసిందట. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. అమ్మ ఊరంతా చెప్పుకుందట. బేస్‌మెంట్‌లో ఏడుగురు పిల్లలు ఉంటారు, ఒక్కరికీ చెప్పలేదు. చుట్టూ ఏడుగురు తెలుగువాళ్లు, చెప్పుకోవడానికి మనిషి లేడు.

ఇంతసేపు గబగబా రాసిన చేయి ఇక్కడ ఆగింది పిల్లలూ. ఎందుకంటే ఇది రాస్తున్నది ఆ పిల్లే. ఈ ముక్క తీసేద్దామా అని నేనే అడిగాను. ఉండనివ్వండి అంది.

పెద్దాయన ఆమె కాలేజీకి ఫోన్ చేశాడు, అక్కడ ఇలాంటప్పుడు మాట్లాడే మనిషి ఉంటారట. రూమ్మేట్‌కి నేను ఫోన్ చేశాను. ఆ అమ్మాయి కిరాణా కొట్టు యూనిఫాంలోనే వచ్చేసింది. రుమాలు ఆమెకివ్వలేదు. ఎవరిది వాళ్ల చేతిలోనే పెట్టాను. ఆ వారం మొత్తం రూమ్మేట్ సెలవు పెట్టి పక్కనే ఉందట. ఇంట్లో నిజం చెప్పడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. వాళ్ల నాన్న మొదట ఫోన్ పెట్టేశాడట. మర్నాడు తనే చేశాడట. అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. వేరే కాలేజీలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

వాళ్లు వెళ్లాక పెద్దాయన ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పదేళ్లు అన్నావు, నిజంగా ఎన్నాళ్లు అన్నాడు. పది నిమిషాలన్నాను. అరుస్తాడనుకున్నాను. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఈ నియమం ఎందుకు పెట్టామో నీకెప్పుడూ చెప్పలేదు, అది నా తప్పు, అన్నాడు. నేను చేరకముందు, అప్పుడింకా ఈ నియమం లేదు, ఒక కుర్రవాడు ఒంటరిగా వచ్చాడట. మంచి మర్యాదస్తుడట. ఆ రోజు ఆ కుర్రవాడి భుజం పక్కన నిలబడింది తనే. అంతకంటే చెప్పలేదు. బయటి నుంచి చూసేవాళ్లకు నియమం కనబడుతుంది, దాని కింద పూడ్చిపెట్టింది కనబడదు.

యజమానురాలు నన్ను రెండు వారాలు రావద్దంది. కోపంతో కాదు, అబద్ధం సంతకం పెట్టినందుకు అందరికీ అదే శిక్షట. పనిలోంచి తీసేయకుండా ఉండేందుకు పెద్దాయన ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఆ రెండు వారాలూ మా అమ్మాయికి క్లబ్‌లో రిపేర్లు అని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. అబద్ధం చెప్పినందుకు పడ్డ శిక్షను అబద్ధంతో గడిపాను, చూశారా, మనిషి ఎంత నెమ్మదిగా నేర్చుకుంటుందో.

ఆ రోజుల్లో బాగా ఆలోచించాను. మన భాష వినబడితే మన మనిషే అనుకుంటాం మనం. ఊరు పేరు చెబితే చాలు, పదేళ్ల పరిచయం రాసిచ్చేస్తాం. భాష తెలియడం వేరు, మనిషి తెలియడం వేరు. ఆ పిల్ల నాకు తెలియదని ఒప్పుకున్నాకనే ఆమెను ఆపగలిగాను. ఒకవేళ నేను పొరబడి ఉంటే? నిజంగా సరదాకే వచ్చి ఉంటే? ఆ మాట పెద్దాయన్ని కూడా అడిగాను. పొరబడితే మనకొక మధ్యాహ్నం పోయింది, అంతేగా, అన్నాడు.

నెల దాకా ఆ పిల్ల నుంచి కబురు లేదు. తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, చెంచా లేకుండా అన్నం పెడతారా అంది. అప్పటి నుంచి వస్తూనే ఉంది.

రెండేళ్లకు నా నడుము ఇక వంగనంది, పని మానేశాను. ఆఖరి రోజు పెద్దాయన, ఆరేళ్లు ఊడ్చావు, ఒక్కసారైనా కాల్చావా, రా, అన్నాడు. వడిసెలతో పిట్టల్ని కొట్టినదాన్నే, ఇదెంత అనుకున్నాను. కౌంటరు దగ్గరికి పోతే యజమానురాలు కాగితం తీసింది. మొదటిసారి కదా, తోడు ఎవరంది. ఊడ్చే మనిషికి కూడానా అంటే, నీకు తెలియదా అంది.

ఆ పిల్లకు ఫోన్ చేశాను. కాలేజీ నుంచి వచ్చింది, బూట్లు తుడుచుకునే వచ్చింది. ఈసారి కాగితం మొత్తం గీత గీతకూ తెలుగులో చెప్పించుకున్నాను. ఏమవుతారు అన్నచోట పరిచయస్తురాలని రాసింది. ఎన్నాళ్లుగా తెలుసు అన్నచోట రెండేళ్లు. ఆమె సంతకం వంకరగా ఉంది. 

చెవులకూ కళ్లకూ పెట్టుకుని లోపలికి పోబోతూ, అలవాటు లేని పని, చేయి తేలిగ్గా ఉంటుందని గడియారం విప్పి ఆ పిల్ల వైపు చాచాను. ఆమె తీసుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఎందుకు తీస్తున్నారు?"

"బరువుగున్నది బిడ్డా. చెయ్యి ఊగుతదని."

నా మొహంలోకి చూసింది. నిజమేనని నమ్మకం కుదిరేదాకా చూసి, అప్పుడు చేయి చాపింది.

లోపలికి పోయి కాల్చాను. మొదటి తూటా ఎటు పోయిందో పెద్దాయనకే తెలియలేదు. రెండోది కాగితం అంచు చింపింది. వడిసెల గొప్పంతా అక్కడితో సరి. పది కాల్చి, నేను రాల్చిన తొడుగులు నేనే ఊడ్చి, బయటికి వచ్చి నా గడియారం తీసుకున్నాను.